ఫార్మాట్ కొట్టించే ముందు

అల్లుడూ,

షాపులో కంప్యూటర్ నత్తలా నడుస్తోందనీ, మధ్యమధ్యలో దానంతటదే రీస్టార్ట్ అవుతోందనీ, ఆదివారం ఫార్మాట్ కొట్టించేస్తాననీ రాశావు. కాస్త ఆగు. ముందు కస్టమర్ల డిజైన్లూ, బిల్లుల లెక్కలూ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకో. మిగతాదంతా ఆ తర్వాతే.

నెమ్మదించడం వేరు, రీస్టార్ట్ అవడం వేరు. రెండిటికీ కారణం ఒకటే కావాలని లేదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ పనీ చేయకపోయినా డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటూ, ర్యామ్ ఖాళీగా ఉంటే, అనుమానం ఆ పాత హార్డ్ డిస్క్ మీదే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే, డిస్క్ ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేర్ వేసి చూడు, ఉచితమే. అందులో పసుపు రంగులో 'కాషన్' అని చూపిస్తే ఇక ఆ డిస్కుని నమ్మొద్దు, ఎస్ఎస్‌డీ వేయించు. ర్యామే నిండిపోతుంటే స్టార్టప్‌లో అనవసరమైనవి ఆపెయ్. యాంటీవైరస్‌లు రెండుంటే ఒకటి తీసెయ్.

ఇక రీస్టార్ట్. విండోస్ తనలో జరిగినవి నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్-పవర్ 41' చూడగానే ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు అందించే పెట్టె) పోయిందని తేల్చేసే మెకానిక్‌లున్నారు. సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని తప్ప అది ఇంకేమీ చెప్పదు. ఎప్పుడు ఆగుతోందో నువ్వే గమనించు. ప్రింట్ ఇచ్చినప్పుడేనా? లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు కరెంటు బాగా లాగుతుంది. దాన్ని కూడా కంప్యూటర్ యూపీఎస్‌కే పెట్టి ఉంటావు, నాకు తెలుసు. తీసి గోడ ప్లగ్గుకి పెట్టు.

పెద్ద ఫైలు మీద పనిచేస్తున్నప్పుడే ఆగుతుంటే వేడి చూడాలి. ప్లగ్గు పీకి క్యాబినెట్ తెరువు. ప్రాసెసర్ ఫ్యాన్ కింద వేడిని లాగే హీట్‌సింక్ రేకుల సందుల్లో దుమ్ము గడ్డకట్టి ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకో. ర్యామ్ తీసి బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి పెట్టు. రాత్రి షాపు కట్టేముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి వెళ్లు. పొద్దున ఒక్క ఎర్రర్ చూపించినా ర్యామ్‌లను ఒక్కొక్కటిగా పెట్టి మళ్లీ పరీక్షించు.

ఇవన్నీ ఒకేరోజు చేయకు. ఏది చేస్తే బాగైందో తెలియకుండా పోతుంది. ముందు ప్రింటర్ ప్లగ్గు మార్చి రెండ్రోజులు చూసి ఫోన్ చెయ్యి. అక్కయ్యని అడిగానని చెప్పు.

మీ మావయ్య