సాలును లైను అనకు

బిడ్డా,

నీ కథ రెండుసార్లు చదివాను. పత్తి చేలోకి దిగేముందు ఆ ముసలమ్మ చెప్పులు గట్టు మీద విడిచి, మట్టికి దండం పెట్టిన చోట నా గొంతు పూడుకుపోయింది. ఆ వెంటనే ఆమె చేత "ఈ లైను ఏరి ఇంటికి పోదాం" అనిపించావు. కాగితాలు పక్కన పెట్టేశాను. ఆమె ఏరేది లైను కాదు బిడ్డా, సాలు. కూలీలంతా బారుగా నిలబడి పట్టేది మునుం. పరకాల చేలల్లో వంగి వంగి అరిగిన నడుముకు ఆ రెండు మాటలూ తెలియకుండా ఉంటాయా?

లైను మీద నాకు కోపం లేదు. నీ కథలోనే లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపేశాం ఎక్కొచ్చన్న మాట, అడుగుతాడు. అది తీసుకోకుండా ఎక్కితే మనిషే పోతాడు, కాబట్టి ఆ మాటను ముట్టుకోకు. కాజీపేట రైల్వే కార్మికుడు "బల్లార్షా లైను" అంటే అదీ అతని సొంత మాటే. 1929లో పూర్తయిన ఆ దారి మీద వాళ్ల తాతల చెమట ఉంది.

నా తొలి కథలో మా అమ్మ కిరోసిన్ కోసం లైనులో నిలబడింది. ఒక సంపాదకుడు దాన్ని కొట్టేసి "పంక్తి" అని అచ్చు వేశాడు. పంక్తిలో జనం కూర్చుంటారు, వాళ్ల ముందు విస్తళ్లు వేస్తారు. ఖాళీ డబ్బాతో మూడు గంటలు ఎండలో నిలబడిన మా అమ్మను ఆయన విందులో కూర్చోబెట్టాడు. నలభై ఏళ్లయింది, ఇంకా క్షమించలేదు. నువ్వు చేసిందీ అదే తప్పు. ఎవరి నోటి మాటో చూడలేదు.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టాను. పోగు తెగితే నాన్న మగ్గం ఆపి, కొసలు రెండూ కలిపి ముడి వేశాకే మళ్లీ నేసేవాడు. లైను పుట్టుక ఏమిటా అని ఒకరోజు నిఘంటువు తెరిచాను. లాటిన్‌లో లీనియా అంటే అవిసె నారతో తీసిన దారమట! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంగ్లిషువాళ్లు వంశాన్నీ ఆ మాటతోనే చెప్పుకుంటారు. మనకు వరుస ఉంది. బారులో నిలబడినా వరుసే, మేనమామ అయినా వరుసే.

ఈ ఆదివారం మీ నాయనమ్మ పక్కన కూర్చుని కథ పైకి చదువు. లైను వచ్చిన ప్రతిచోటా ఆమె ముఖం చూడు. ఆ ముసలమ్మ మాట సరిచేసి నాకు మళ్లీ పంపు. ముగింపు సంగతి అప్పుడు మాట్లాడదాం.

ఆశీస్సులతో.