పది గేదెలూ ఒకేసారి తేవద్దమ్మా

చి॥ల॥సౌ॥ అమ్మడికి మీ అత్తయ్య దీవించి రాయునది.

నువ్వూ అబ్బాయీ బ్యాంకు లోను తీసుకుని హర్యానా నుంచి పది ముర్రా గేదెలు తెస్తున్నారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల పాడి పెడతానని ముందుకొచ్చిందంటే ఎంత పొంగిపోయానో! కానీ "పదీ ఒకే లారీలో" అనేసరికి గుండె గుభేలుమంది. ఫోనులో చెబితే "సరే అత్తయ్యా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను, రెండుసార్లు చదువు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తా. గేదెలకంటే ముందు గడ్డి. సూపర్ నేపియర్ కణుపులు నాటితే మొదటి కోతకు రెండున్నర నెలలు పడుతుంది, అది చేతికొచ్చాకే లారీ మాట. వరిగడ్డి వామి వేసుకో. తొట్టిలో రోజంతా నీళ్లుండాలి. నీళ్లు లేక వాడిన లేత జొన్న గానీ, కోసిన మోళ్లకు చిగిర్చిన పిలకలు గానీ మేపావో, నాము, అంటే ఆ జొన్నలోని విషం, తగిలి డాక్టరు వచ్చేలోపే గేదె పడిపోతుంది. కొనేటప్పుడు రెండో ఈతదో మూడో ఈతదో చూసుకో. మూడు పూటలు వరసగా దగ్గరుండి పిండించు, మొదటి పూట పాలు లెక్కలోకి తీసుకోకు. ముందు పూట పిండకుండా పొదుగు నింపి చూపిస్తారు. ఇన్సూరెన్సు పోగు చెవినుంచి ఊడిపోతే ఆ రోజే కంపెనీకి చెప్పి కొత్తది వేయించు, పోగు లేకపోతే రేపు గేదె పోయినా డబ్బు రాదు.

ఇక అసలు సంగతి. మీ మావయ్య పాడి ఎందుకు పోయిందో మీ నాన్న నీకు పూర్తిగా చెప్పి ఉండడు. నువ్వు అప్పటికి చిన్నపిల్లవి.

శివరాత్రి వెళ్లాక వచ్చాయి ఆ గేదెలు. పదీ అప్పుడే ఈనినవి. దారి బడలికకు మొదట పాలు తగ్గినా, నెల తిరిగేసరికి క్యాన్లు చాల్లేదు. పాలకేంద్రంలో వెన్న శాతం బాగా పడేది. పక్క ఊళ్లనుంచి కూడా వచ్చి చూసి వెళ్లేవాళ్లు. మీ మావయ్య కళ్లన్నీ ఆ పాలమీదే. ఏ గేదె ఎప్పుడు ఎదకొచ్చింది, చూడి కట్టే సూది ఎప్పుడు వేయించాం, కట్టిందా లేదా, ఒక్క తేదీ రాసుకోలేదు. ఈలోగా ఎండలు ముదిరాయి. ఎండాకాలం గేదె ఎదకు రావడమే తక్కువ. వచ్చినా ఆవులాగా అరిచి ఊరంతా చాటదు, మూగగా ఉండిపోతుంది. తెల్లవారుజామున వెనకనుంచి కాస్త జిగట తీగ వేస్తుంది, మాటిమాటికీ ఉచ్చ పోస్తుంది, ఆ పూట పాలు కొంచెం తగ్గుతాయి. అంతే. పేడ ఎత్తేవాళ్ల కంటికే అవి కనపడతాయి. ఆ పని ఆయన కూలిమనిషికి వదిలేశాడు.

దసరాకు పాలు జారడం మొదలైంది. సంక్రాంతికి కొట్టంలో అన్నీ వట్టిపోయాయి, డాక్టరు వచ్చి చూస్తే చూడివి రెండే. పాలబిల్లు ఆగింది. వట్టిపోయిన గేదె మేత ఆపదు కదా! తవుడు, చెక్క అన్నీ అప్పు. బ్యాంకు కిస్తీ నెత్తిమీద. నా గాజులు పోయాయి, గొలుసు పోయింది, మెడలో పుస్తెలు మిగిలాయి. చివరికి ఎనిమిదింటినీ సంతకు తోలాం. వట్టి గేదెను కొనేది ఎవరో, ఎక్కడికి తీసుకెళ్తారో నీకు వేరే చెప్పక్కర్లేదు. నా చేతి కుడితికి అలవాటు పడ్డ గేదె లారీ ఎక్కనని మొండికేసి నావైపు తిరిగి అరిచింది. మీ మావయ్య ఆ తరవాత చాన్నాళ్లు కొట్టం వైపు వెళ్లలేదు. అంత కష్టజీవిని నేను మళ్లీ చూడలేదమ్మా, ఆయన్ని తప్పు పట్టడానికి ఇదంతా రాయడంలేదు. పాలు పితకడం ఆయనకు ఎవరికన్నా బాగా వచ్చు. గేదెను మళ్లీ చూడి కట్టించడమే పాడి అని చెప్పేవాళ్లు ఆ రోజు పక్కన లేకపోయారు.

అందుకని ఇప్పుడు ఐదే తెచ్చుకో. ఐదారు నెలలయ్యాక మిగతా ఐదు. అప్పుడు ఒక జట్టు వట్టిపోతున్నా ఇంకో జట్టు పాలమీద ఉంటుంది, కిస్తీ ఆగదు. బ్యాంకువాళ్లు రెండు విడతలుగా ఇస్తారేమో అడుగు. అడగడానికి మొహమాటపడకు.

గేదెకో పేజీ చొప్పున పుస్తకం పెట్టు. ఈనిన తేదీ రాయి. రెండు నెలలు దాటినప్పటినుంచి పొద్దున్నే, రాత్రి పడుకోబోయే ముందు నువ్వే వెళ్లి వెనకవైపు చూడు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం సూది, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. ఇరవై ఒకటో రోజున మళ్లీ ఎదకొచ్చిందేమో గమనించు. మూడు నెలలకు డాక్టరుతో చూడి పరీక్ష చేయించు. మూడుసార్లు సూది వేసినా నిలవకపోతే ఊరివైద్యం వద్దు, ఆస్పత్రికి చూపించు. గేదె మోసేది దాదాపు 310 రోజులు, ఆఖరి రెండు నెలలు పాలు ఆపెయ్యాలి. ఆశపడి ఇంకో నెల పిండావా, వచ్చే ఈతలో నష్టపోతావు. రోజూ దాణాలో 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలుపు. ఎండాకాలం మధ్యాహ్నం ఒంటిమీద నీళ్లు పోయించు, చెరువుంటే పడుకోనీ.

దూడల సంగతిలో నువ్వు నా మాట వినాల్సిందే. మాయ పడేదాకా దూడను చన్నుకు వదలకూడదని మీ అత్తగారు అంటారు, పెద్దావిడ, ఎదురు చెప్పకు, కానీ దూడను వదిలెయ్. పుట్టిన గంటలోపే ముర్రుపాలు కడుపులో పడాలి. పది రోజులకు నులిపురుగుల మందు తాగించు. దూడను చంపుకుని, పాలు చేపడానికి గేదెకు సూదులు పొడిచే ఇళ్లు చూశాను. ఆ పని నీ కొట్టంలో జరగకూడదు.

గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, గొంతువాపు టీకా వానలకు ముందు వేయించు. పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో బ్రూసెల్లా, అదే ఈసుకుపోయే జబ్బు, టీకా ఒక్కసారి. ఏ గేదెయినా నెలలు నిండకుండా ఈసుకుపోతే ఆ మాయనూ దూడనూ వట్టి చేతుల్తో ముట్టుకోకు తల్లీ. ఆ జబ్బు మనుషులకూ వస్తుంది, జ్వరాలు నెలల తరబడి వదలవు. చేతి తొడుగులు ఇప్పుడే కొని కొట్టంలో పెట్టుకో. అర్ధరాత్రి అవసరమైతే అప్పటికప్పుడు ఎవరు తెచ్చిస్తారు? పశువుల అంబులెన్సుకు 1962, గోడమీద పెద్దంకెలు రాసిపెట్టు.

బ్యాంకులో సంతకం పెట్టకముందే ఒకసారి ఫోను చెయ్యి. మార్జిను డబ్బు, అదే లోనులో మనం పెట్టుకునే వాటా, తక్కువైతే నన్నడుగు, నీ పెళ్లి గొలుసు మాత్రం బ్యాంకు గడప ఎక్కకూడదు. మొదటి గేదె ఈనే రోజులకు వచ్చి నీ దగ్గర ఉంటాను, నాకు మంచం కొట్టానికి దగ్గరగా వేయించు.

ఇట్లు,
మీ అత్తయ్య