టెక్ సందేహాలు: ‘క్యూ’ నొక్కే ముందు సిగ్నల్ చూశారా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం రైలు సిమ్యులేటర్ల గురించే, అంటే తెర మీద మనమే రైలు నడిపే ఆటల గురించే. అవన్నీ ఒకచోట చేర్చాను.

ట్రైన్ సిమ్ వరల్డ్‌లో లండన్ ప్యాడింగ్టన్ - రెడింగ్ రూట్‌లో ప్యాసింజర్ బండి నడుపుతున్నాను. ఉన్నట్టుండి హారన్ మోగుతుంది. ‘క్యూ’ కీ నొక్కకపోతే బండి దానంతటదే ఆగిపోతుంది. నొక్కుకుంటూ పోతే కాసేపటికి ఎర్ర సిగ్నల్ దాటారంటూ ఆట ముగుస్తుంది. ఈ హారన్ రాకుండా చేయొచ్చా? - గుంటూరు నుంచి ఓ ఇంజినీరింగ్ విద్యార్థి

చేయొచ్చు. కానీ దయచేసి చేయకండి. ఆ హారన్ ఎందుకు మోగుతుందో తెలిస్తే మీ సమస్య చాలావరకు తీరిపోతుంది.

బ్రిటన్ రైళ్లలో దీన్ని ఏడబ్ల్యూఎస్ (ఆటోమేటిక్ వార్నింగ్ సిస్టమ్) అంటారు. సిగ్నల్‌కు సుమారు 180 మీటర్ల ముందు పట్టాల మధ్య అయస్కాంతాలు ఉంటాయి. బండి వాటి మీదుగా వెళ్లేటప్పుడు ముందున్న సిగ్నల్ ఆకుపచ్చగా ఉంటే గంట మోగుతుంది. ఇంకే రంగున్నా హారన్ మోగుతుంది. రెండు మూడు సెకన్లలో మీరు ‘క్యూ’ నొక్కకపోతే ఎమర్జెన్సీ బ్రేకు పడుతుంది. నొక్కితే డ్యాష్‌బోర్డు మీద గుండ్రటి పలకపై పసుపు, నలుపు రేకులు కనిపిస్తాయి. ‘హెచ్చరిక విన్నాను, ఇక బాధ్యత నాది’ అని మీరు ఒప్పుకున్నట్టే.

చిక్కంతా ఇక్కడే ఉంది. జంట పసుపుకూ, ఒంటి పసుపుకూ, ఎరుపుకూ ఒకటే హారన్. ముందున్నది ఏ రంగో చూడాల్సింది మీ కళ్లే. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, చేతికి అలవాటైపోయి సిగ్నల్ వైపు చూడకుండానే ‘క్యూ’ నొక్కేస్తున్నారు.

నిజం రైళ్లలోనూ ఈ ప్రమాదం ఉంది. మీరు ఆడుతున్న రూట్‌లోనే, ప్యాడింగ్టన్ నుంచి సుమారు మూడు కిలోమీటర్లు వెళ్లగానే లాడ్‌బ్రోక్ గ్రోవ్ వస్తుంది. 1999 అక్టోబరు 5 ఉదయం అక్కడ ఓ లోకల్ బండి ఎస్ఎన్109 అనే ఎర్ర సిగ్నల్‌ను దాటి, ఎదురుగా వస్తున్న హైస్పీడ్ రైలును ఢీకొంది. 31 మంది చనిపోయారు. ఆ డ్రైవర్ కూడా హారన్‌ను రద్దు చేసి ముందుకు వెళ్లాడు. ఆ సిగ్నల్ సరిగా కనిపించని చోట ఉందని విచారణలో తేలింది. అంతకు రెండేళ్ల ముందు, 1997లో, ఇదే లైన్లో సౌతాల్ దగ్గర మరో ప్రమాదం జరిగి ఏడుగురు చనిపోయారు. ఆ బండిలో ఏడబ్ల్యూఎస్‌ను పనిచేయకుండా ఆపేసి ఉంచారు. ఎర్ర సిగ్నల్ దాటినా, దాని వైపు మరీ వేగంగా వెళ్లినా బ్రేకు వేసే టీపీడబ్ల్యూఎస్ అనే పరికరాన్ని 2003 నాటికి బ్రిటన్ అంతటా బిగించారు. హారన్ ఆపకండి అని నేనింత గట్టిగా చెప్పడానికి కారణం ఆ ప్రమాదాలే. ఆ రెండు చోట్లా ఏం జరిగిందో తెలిసి నడిపితే ఈ ఆట మీద మీకు వేరే రకమైన గౌరవం కలుగుతుంది.

ఇక రంగుల సంగతి. ఆకుపచ్చ అయితే దారి ఖాళీ. జంట పసుపు అంటే తర్వాతి సిగ్నల్ ఒంటి పసుపు కావచ్చు. ఒంటి పసుపు అంటే తర్వాతిది ఎరుపు అనుకుని ఆగడానికి సిద్ధపడాలి. మన రైల్వేలోనూ వరుస ఇదే. విజయవాడ చేరబోతూ బండి నెమ్మదించి, ఔటర్‌లో ఆగిపోవడం మీరు చూసే ఉంటారు. మీ బండి లోకో పైలట్‌కు అప్పుడు వరుసగా పడినవి ఇవే సిగ్నళ్లు. మన దగ్గర లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ సిగ్నల్ రంగును పైకి చెప్పుకుంటారు. మీరూ ఒక వారం అలా చేసి చూడండి. నోటితో ‘డబుల్ ఎల్లో’ అన్నాకే ‘క్యూ’ నొక్కండి. ఇంట్లోవాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి, ఇంతకంటే మంచి సాధన లేదు.

రద్దీ రూట్‌లో ఇంకో కిటుకు ఉంది. వరసపెట్టి జంట పసుపులే వస్తున్నాయంటే ముందు ఇంకో బండి ఉంది, మీరు దాని వెనకే తరుముతున్నారు. ఆకుపచ్చ పడగానే పవర్ పెంచితే మళ్లీ పసుపు ఎదురవుతుంది. వేగం 15, 20 మైళ్లు తగ్గించి అలాగే సాగనివ్వండి. మధ్యలో ఖాళీ పెరిగి సిగ్నళ్లు ఒక్కొక్కటిగా ఆకుపచ్చకు మారతాయి. ఆగి మళ్లీ బయల్దేరడానికి పోయే సమయం కంటే ఇలా పోయేది చాలా తక్కువ.

ప్రతి స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ దాటి ఆగుతున్నాను. ముందే బ్రేకు వేస్తే సగంలోనే ఆగిపోతోంది. టైమ్‌టేబుల్ చూస్తే టెన్షన్. - కాజీపేట నుంచి ఓ పాఠకురాలు

వేగం సగమైతే ఆగే దూరం పావు వంతు అవుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 0.6 మీటర్ల చొప్పున తగ్గేలా బ్రేకు వేశారనుకుందాం. గంటకు 90 మైళ్ల వేగంలో ఉన్న బండి ఆగడానికి సుమారు 1,350 మీటర్లు పడుతుంది. 60 మైళ్లయితే 600 మీటర్లు, 30 మైళ్లయితే 150 మీటర్లు చాలు. అందుకే దూరంగా ఉన్నప్పుడే వేగం బాగా తగ్గించుకోవాలి. ప్లాట్‌ఫామ్ మొదలయ్యే చోటికి 30కి కాస్త తక్కువలో వస్తే మిగతాది మీ చేతిలోనే ఉంటుంది.

బ్రేకును మొదట కాస్త గట్టిగా వేసి, వేగం తగ్గేకొద్దీ వదులుతూ రండి. పూర్తిగా ఆగే క్షణానికి అతి తక్కువ బ్రేకు మిగలాలి. అప్పుడు ప్రయాణికులకు కుదుపు ఉండదు. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు. మొదట భయం భయంగా వేసి చివర్లో గట్టిగా నొక్కుతారు.

రూట్‌ను నేర్చుకోవడం అన్నిటికంటే ముఖ్యం. బ్రిటన్‌లో అసలు డ్రైవర్‌కు కూడా, ఒక మార్గం తనకు తెలుసని నిరూపించుకున్నాకే ఆ మార్గంలో బండి ఇస్తారు. మీరూ ఒకే రూట్ పట్టుకోండి. ప్యాడింగ్టన్ - రెడింగ్ అయితే స్లౌ స్టేషన్‌కు ముందు, మెయిడెన్‌హెడ్‌కు ముందు బ్రేకు వేయడానికి గుర్తుగా ఏదో ఒక వంతెనో, సిగ్నల్ స్తంభమో ఎంచుకుని కాగితం మీద రాసుకోండి. నేర్చుకోవడానికి ప్యాడింగ్టన్ - రెడింగ్ మంచిదని నేనెందుకు అంటానంటే, ఇంజినీర్ బ్రూనెల్ ఈ లైన్‌ను దాదాపు చదునుగా వేశాడు. ఎత్తుపల్లాల గొడవ లేదు కాబట్టి బ్రేకు మీదే దృష్టి పెట్టొచ్చు.

కచ్చితంగా ఆపడమే మీకు ఇష్టమైతే కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ ‘స్టీమ్’లో ‘జేఆర్ ఈస్ట్ ట్రైన్ సిమ్యులేటర్’ చూడండి. అందులో గ్రాఫిక్స్ బదులు నిజం రైలు క్యాబ్ నుంచి తీసిన వీడియో ఉంటుంది. టోక్యో మీదుగా వెళ్లే కెయిహిన్ - తొహొకు లైన్లో స్టేషన్లు దగ్గరదగ్గరగా వస్తాయి, ఊపిరి సలపదు. మీకు అదే కావాలి.

పెద్ద స్టేషన్ దగ్గరకు రాగానే గేమ్ నత్తనడక నడుస్తోంది. 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. - అనంతపురం

ఆ ల్యాప్‌టాప్‌కు ట్రైన్ సిమ్ వరల్డ్ భారమే. సెట్టింగులు ఎంత తగ్గించినా పెద్ద టెర్మినల్స్‌లో ఇబ్బంది తప్పదు, అక్కడ పదుల కొద్దీ బండ్లను ప్రాసెసర్ ఏకకాలంలో లెక్కగట్టాలి. నీడలు, దూరపు దృశ్యాలు తగ్గించి, ఫ్రేమ్ రేటును 30కి కట్టేసి చూడండి. కుదరకపోతే పాత ‘ట్రైన్ సిమ్యులేటర్ క్లాసిక్’కు మారండి. దాన్ని తెరిచేటప్పుడు 64 బిట్ వెర్షన్‌నే ఎంచుకోండి. 32 బిట్‌లో మెమరీ చాలక పెద్ద రూట్లు మధ్యలోనే మూసుకుపోతాయి.

కొనేముందు ఒక మాట. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలలోపే ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. కాబట్టి కొన్న రోజే మీరు ఆడదలచిన రూట్‌లో అన్నిటికంటే రద్దీ స్టేషన్‌కు వెళ్లి పరీక్షించండి.

మన రూట్లు, మన ఇంజిన్లతో ఆడాలని ఉంది. ఏం చేయాలి? - డాలస్ నుంచి ఓ తెలుగు పాఠకుడు

కంప్యూటర్‌లో అయితే ‘ఓపెన్ రైల్స్’ ప్రయత్నించండి. ఉచితం, బరువూ తక్కువే. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ కోసం చేసిన రూట్లు, ఇంజిన్లు ఇందులో నడుస్తాయి. భారతీయ రైలు అభిమానులు ఎంతో ఓపికగా తయారుచేసిన ఇంజిన్లు, పెట్టెలు, రూట్లు దొరుకుతాయి. వాటిని విడిగా దించుకోవాలి. ఫైలుతోపాటు వచ్చే సూచనలు చదవండి, ఏ ఫోల్డర్‌లో పెట్టాలో అందులోనే ఉంటుంది. తెలియని సైట్ ‘ఇన్‌స్టాలర్’ ఇస్తే యాంటీవైరస్‌తో పరీక్షించకుండా తెరవకండి. ఫోన్‌లో చాలనుకుంటే హైబ్రో ఇంటరాక్టివ్ వారి ‘ఇండియన్ ట్రైన్ సిమ్యులేటర్’ ఉంది. పిల్లలతో కలిసి ఆడుకోవడానికి బాగుంటుంది, సిగ్నళ్లు లోతుగా నేర్చుకోవాలంటే మాత్రం కంప్యూటరే మేలు.