ముక్కలుగా వచ్చే జన్యువులు

ప్రశ్న: మనిషిలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు దాదాపు 20,000 మాత్రమేనని పాఠ్యపుస్తకంలో ఉంది. శరీరం కోట్ల రకాల యాంటీబాడీలను తయారుచేయగలదనీ అందులోనే ఉంది. యాంటీబాడీ కూడా ప్రోటీనే కదా, ఇది ఎలా కుదురుతుంది? ఇందుకోసం కణంలో డీఎన్ఏ మారుతుందంటే, ఆ మార్పు పిల్లలకు వస్తుందా?
– ఇంటర్ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఒక జన్యువు ఒక ప్రోటీన్‌కు ఆధారమన్న భావన, బీడిల్, టేటమ్‌లు 1941లో రొట్టె బూజుపై ప్రచురించిన ప్రయోగాల నుంచి బలపడింది. చాలా సందర్భాల్లో అది ఇప్పటికీ పనికొచ్చేదే గానీ, యాంటీబాడీల విషయంలో నిలవదు. ఎందుకంటే తల్లిదండ్రుల నుంచి మనకు వచ్చిన డీఎన్ఏలో యాంటీబాడీ జన్యువు పూర్తి రూపంలో ఎక్కడా ఉండదు. దాని ముక్కలు మాత్రమే ఉంటాయి.

యాంటీబాడీలో రెండు పెద్ద గొలుసులు, రెండు చిన్న గొలుసులు ఉంటాయి. పెద్ద గొలుసుకు సంబంధించిన ముక్కలు 14వ క్రోమోజోమ్‌పై వరుసగా ఉంటాయి: ఇవి వీ, డీ, జే అనే మూడు రకాలు. పనిచేసే వీ ముక్కలు సుమారు 40, డీ ముక్కలు 23, జే ముక్కలు 6. ఎముక మజ్జలో ఎదుగుతున్న బీ కణం (యాంటీబాడీలను తయారుచేసే తెల్ల రక్తకణం) మొదట ఒక డీని ఒక జేతో కలిపి, ఆపైన ఆ జంటకు ఒక వీని అతికిస్తుంది. మధ్యనున్న డీఎన్ఏను ర్యాగ్-1, ర్యాగ్-2 అనే ప్రోటీన్లు కత్తిరించగా అది కణానికి శాశ్వతంగా దూరమవుతుంది. 40, 23, 6లను హెచ్చిస్తే 5,520 పెద్ద గొలుసులు వస్తాయి. 2వ, 22వ క్రోమోజోమ్‌లపై ఉన్న ముక్కల నుంచి ఇదే పద్ధతిలో సుమారు 320 చిన్న గొలుసులు ఏర్పడతాయి. ఈ రెండింటినీ జతకూర్చినా మొత్తం సుమారు 17 లక్షల 66 వేలు మాత్రమే అవుతుంది.

కాబట్టి కోట్ల రహస్యం ముక్కల సంఖ్యలో కన్నా అతుకుల్లో ఎక్కువగా ఉంది. ముక్కలు కలిసే చోట టీడీటీ అనే ఎంజైమ్, ఏ నమూనానూ చూడకుండా, కొన్ని డీఎన్ఏ అక్షరాలను తోచినట్టు చేరుస్తుంది. ప్రోటీన్ సంకేతాన్ని కణం మూడేసి అక్షరాలుగా చదువుతుంది కనుక, ఇలా వేసిన అతుకుల్లో దాదాపు మూడింట రెండు వంతులు అర్థం లేనివిగా మిగులుతాయి. ఆ క్రోమోజోమ్ జతలోని రెండో ప్రతిపై చేసిన ప్రయత్నం కూడా విఫలమైతే ఆ కణం చనిపోతుంది. ఇంత వృథాను శరీరం సహించడమే నాకు ఈ వ్యవస్థలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోస్తుంది. నెగ్గుకొచ్చిన కణాలు సూక్ష్మజీవి ఎదురయ్యాక లింఫు గ్రంథుల్లో విభజన చెందుతూ, ఏఐడీ అనే ఎంజైమ్ సాయంతో యాంటీబాడీ జన్యువులో మరిన్ని అక్షరాలను మార్చుకుంటాయి. వాటిలో సూక్ష్మజీవిని మరింత గట్టిగా పట్టుకోగలిగినవి నిలుస్తాయి.

డీఎన్ఏ ఇలా మారుతుందన్న మాటను మొదట చాలామంది నమ్మలేదు. 1976లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సుసుము టోనెగావా, హొజుమీలు ఎలుక పిండం డీఎన్ఏను, యాంటీబాడీని తయారుచేసే ఎలుక కణితి డీఎన్ఏను ఒకే ఎంజైమ్‌తో కోసి పోల్చి చూశారు. చిన్న గొలుసుకు సంబంధించిన రెండు భాగాలు పిండంలో వేర్వేరు తునకల్లోనూ, కణితిలో ఒకే తునకలోనూ కనిపించాయి. ఈ కృషికి టోనెగావాకు 1987లో నోబెల్ బహుమతి లభించింది.

మిగతా ప్రోటీన్ల వైవిధ్యానికి సాధారణంగా డీఎన్ఏను కోయవలసిన అవసరం లేదు. జన్యువు నుంచి తీసిన ఆర్ఎన్ఏ ప్రతిలో కొన్ని భాగాలను ఉంచి, కొన్నిటిని వదిలేస్తే చాలు. పండ్ల ఈగలోని డీస్కామ్ అనే ఒక్క జన్యువు నుంచి ఈ పద్ధతిలో 38,016 రూపాలు సాధ్యమవుతాయి.

ఇక మీ రెండో ప్రశ్న. యాంటీబాడీల విషయంలో చెప్పుకున్న డీఎన్ఏ కత్తిరింపులు బీ కణాల్లోనూ, వాటికి దగ్గరివైన టీ కణాల్లోనూ మాత్రమే జరుగుతాయి. అండానికీ శుక్రకణానికీ వీటితో సంబంధం లేదు. అందువల్ల ప్రతి శిశువూ మళ్లీ ముక్కల నుంచే మొదలుపెట్టాలి. గర్భంలో తల్లి నుంచి యాంటీబాడీలు అందుతాయి గానీ, అవి తయారైన ప్రోటీన్లే కనుక పుట్టిన కొన్ని నెలల్లో తగ్గిపోతాయి. అయితే ర్యాగ్ జన్యువుల్లోని లోపాలు మాత్రం వారసత్వంగా రావచ్చు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా తీవ్రంగా లోపించిన ప్రతులే అందిన బిడ్డలో బీ, టీ కణాలు ఎదగవు. ఆ బిడ్డకు తొలి నెలల నుంచే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు వస్తాయి, ఎముక మజ్జ మార్పిడి వంటి చికిత్స త్వరగా అందించవలసి ఉంటుంది.