వెతుకులాటకు బయలుదేరే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విపత్తుల్లో సాయపడే స్వచ్ఛంద సేవకులకు ఇచ్చే పన్నెండు రోజుల ఆపదమిత్ర శిక్షణ పూర్తి చేశావనీ, ఇకపై మన తీరంలో గల్లంతైన వారిని వెతికే జట్టుతో కలిసి వస్తావనీ నీవు రాసిన ఉత్తరం చదివి మీ అత్తయ్యా నేనూ ఎంతో సంతోషించాము. నీకు ఈత చిన్ననాటి నుంచీ వచ్చు, ధైర్యానికి కొదవ లేదు. కనుక వాటి గురించి రాయను. భీమిలి నుంచి రుషికొండ దాకా ఈ ఒడ్డున ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ పని చేస్తూ నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నది ఒకటుంది. మనిషిని వెతికే పని ఒడ్డు మీద, ప్రశ్నలు అడగడంతో మొదలవుతుంది.

ఒక కార్తీక మాసంలో వనభోజనాలకు వచ్చిన కుటుంబంలోని కుర్రవాడు కెరటాల్లో కొట్టుకుపోయాడు. తల్లిదండ్రులు అతని బట్టలున్న చోటు చూపించగా, మేము రెండు గంటలపాటు సరిగ్గా ఆ ఎదురుగానే గాలించాము. ఆ తరువాత తెలిసిందేమిటంటే, ఇరవై అడుగుల దూరంలో మొక్కజొన్న పొత్తులు కాల్చుకుంటున్న ఒక అమ్మ, ఆ అబ్బాయి తల దక్షిణాన బండల వైపు తేలడం కళ్లారా చూసింది. ఆమెను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ అబ్బాయిని ప్రాణాలతో తేలేకపోయాము.

చివరిసారి చూసిన చోటు, చూసిన సమయం, చూసిన మనిషి: ఈ మూడూ నీ పుస్తకంలో రాసుకున్న తరువాతే పడవ కదలాలి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ప్రవాహం గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్ల వేగంతో ఉన్నదనుకో. ఏ దిక్కుకు పోయాడో తెలియకపోతే గంట తరువాత మనం గాలించవలసిన వలయం దాదాపు 11 చదరపు కిలోమీటర్లు, మూడు గంటలు గడిస్తే అది 97 చదరపు కిలోమీటర్లు అవుతుంది. సమయం మూడింతలైతే వెతకవలసిన నీరు తొమ్మిదింతలవుతుంది. దిక్కు తెలిస్తే ఆ వలయంలో ఒక ముక్క చాలు. మన తీరం వెంట ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు సాధారణంగా ఈశాన్యానికీ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నైరుతికీ సాగుతుంది. ఆ కార్తీకంలో అబ్బాయి దక్షిణానికి పోవడంలో వింతేమీ లేదు, మేము ఆలోచించకపోవడమే వింత. ఇంకొక మాట గుర్తుంచుకో. నీటిలో మునిగి తేలే మనిషి ఎక్కువగా ప్రవాహాన్ని అనుసరిస్తాడు, ఖాళీ పడవనూ తెప్పనూ గాలి కూడా తోస్తుంది. కాబట్టి బోల్తాపడిన పడవ దొరికిన చోటే మనిషి ఉంటాడని అనుకోవద్దు. సముద్ర సమాచారం అందించే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇదే లెక్కను సారట్ అనే సాధనంతో చేసి చూపుతుంది. అయితే దానికి కూడా మనం ఇచ్చే చోటూ సమయమూ సరైనవై ఉండాలి.

సొంత బోటు దింపే ముందు తీర రక్షక దళం 1554కూ, మెరైన్ పోలీసుల 1093కూ ఫోను చేయి. ఇది మర్యాద కోసం చెబుతున్నది కాదు. వారి దగ్గరున్న నౌకలూ హెలికాప్టర్లూ బయలుదేరడానికి సమయం పడుతుంది, మనం అరగంట వెతికి విసిగి అప్పుడు చెబితే ఆ అరగంట తిరిగి రాదు.

మునుగుతున్న మనిషిని చూడగానే దూకాలనిపిస్తుంది, అయినా దూకవద్దు. ఒకరి కోసం దూకిన స్నేహితుణ్ణి కూడా ఒడ్డుకు చేర్చవలసి వచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ముందు కర్ర అందించు, అందకపోతే తాడు విసురు, అదీ కుదరకపోతే తేలే వస్తువుతో పడవ మీద వెళ్లు. పడవ మనిషిని సమీపిస్తుండగా నీటిలో తిరిగే ఇంజను పంకా ఆగి ఉండాలి. కెరటాలు విరగకుండా నున్నగా కనిపించే నీటి పాయను సురక్షితమని సందర్శకులు భ్రమపడతారు. లోపలికి లాగే ప్రవాహం తరచుగా అక్కడే ఉంటుంది. మునిగేవారు చాలా సందర్భాల్లో అరవరు, చేతులు ఊపరు, నోరు తెరిచి తల వెనక్కి వాల్చి నిలువుగా ఉంటారు. అరుపు వినబడలేదని తేలికగా తీసుకోవద్దు.

బయటకు తీసిన మనిషి కడుపు నొక్కి నీళ్లు కక్కించే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఎంత పెద్దవారు చెప్పినా దాన్ని సాగనివ్వవద్దు. శ్వాస లేకపోతే ముందు కృత్రిమ శ్వాస ఇచ్చి, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున ఛాతీ నొక్కు, ఇంకొకరు 108కి ఫోను చేస్తారు. లేచి మాట్లాడినా ఆసుపత్రికి పంపే తీరాలి.

అరకు వైపు కొండల్లో వెతకవలసి వచ్చినప్పుడు కూడా పద్ధతి ఇదే, అడవికి మాత్రం రెండు మాటలు అదనం. దారిలోని అడుగుజాడలను మనవారే తొక్కి చెరపకుండా చూడు. ఈల వేసిన తరువాత అందరూ కదలకుండా, మాట్లాడకుండా వినాలి, తప్పిపోయిన పిల్లలు భయంతో బదులు పలకకపోవచ్చు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన హెలికాప్టర్ నల్లమలలో కనబడకుండా పోయినప్పుడు, అంత యంత్రాంగం కదిలినా శకలాలు మరునాటి ఉదయం గాని పావురాల గుట్ట మీద కనబడలేదు. వానలో తడిసిన దట్టమైన అడవి అంత కఠినమైనది. ఆ కొండను ఎరిగిన గిరిజనులను వెంట పెట్టుకోకుండా అడుగు వేయవద్దు.

వెతికేంత సేపూ ఆ ఇంటివారి దగ్గర ఒకరు కూర్చోవాలి. మొదటి ఏడాది ఆ పని నీకే అప్పగిస్తాను. పడవ ఎక్కనివ్వలేదని బాధపడకు, అది అన్నిటికన్నా కష్టమైన పని. తెలిసినదే చెప్పు, ఊహించి ధైర్యం చెప్పవద్దు, ఫొటోలు ఎవరికీ పంపనివ్వవద్దు. ఆ రాత్రి నీకు నిద్ర పట్టకపోతే ఏ వేళైనా నాకు ఫోను చేయి.

వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు భీమిలి ఒడ్డుకు రా. పదిహేను మీటర్ల తాడూ, నోటు పుస్తకమూ, రెండు కలాలూ తెచ్చుకో.

ఇట్లు,
మీ మామయ్య