టెక్ సందేహాలు: సొంతంగా కట్టుకున్న క్రాస్ కంపైలర్ మధ్యలో ఆగిపోతుంటే

ప్రశ్న: నేను కాకినాడలో ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో ఎంటెక్ చేస్తున్నాను. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ఎస్‌టీఎం32ఎఫ్407 బోర్డు కోసం జీసీసీ క్రాస్ కంపైలర్‌ను (ఒక కంప్యూటర్ మీద నడుస్తూ మరో రకం చిప్‌కు కోడ్ తయారుచేసే కంపైలర్‌ను) సోర్స్ కోడ్ నుంచి సొంతంగా బిల్డ్ చేస్తున్నాను. అసెంబ్లర్, లింకర్ ఉండే బిన్‌యుటిల్స్ ప్యాకేజీ ఏ ఇబ్బందీ లేకుండా ఇన్‌స్టాల్ అయింది. జీసీసీ మాత్రం చాలాసేపు నడిచాక ‘కెనాట్ కంప్యూట్ సఫిక్స్ ఆఫ్ ఆబ్జెక్ట్ ఫైల్స్: కెనాట్ కంపైల్’ అంటూ ఆగిపోతోంది. మూడు వెర్షన్లు మార్చి చూసినా ఇదే ఎర్రర్. జీసీసీకి అవసరమైన జీఎంపీ, ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీ లైబ్రరీలను నా హోమ్ డైరెక్టరీలోనే విడిగా బిల్డ్ చేసి పెట్టుకున్నాను. రెడీమేడ్ టూల్‌చైన్ (కంపైలర్, అసెంబ్లర్, లైబ్రరీలన్నీ కలిసిన కట్ట) తీసుకోమని స్నేహితులు అంటున్నారు. ఈ ప్రయత్నం మానుకోవాలా?

జవాబు: మానుకోనక్కర్లేదు. ఈ ఎర్రర్ దాకా వచ్చారంటే పని చాలావరకు అయిపోయినట్టే. జీసీసీ బిల్డ్‌లో ముందుగా కంపైలర్ తయారై, ఎక్స్‌జీసీసీ అనే తాత్కాలిక పేరుతో బిల్డ్ డైరెక్టరీలోనే ఉంటుంది. ఆ తర్వాత లిబ్‌జీసీసీ అనే చిన్న లైబ్రరీని మీ కంప్యూటర్‌లో ముందునుంచీ ఉన్న కంపైలర్‌తో కాకుండా, అప్పుడే తయారైన ఈ ఎక్స్‌జీసీసీతోనే కంపైల్ చేయాలి. అందుకు సిద్ధమయ్యే ముందు కాన్ఫిగర్ స్క్రిప్టు, ఖాళీ మెయిన్ ఫంక్షన్ తప్ప మరేమీ లేని ఒక చిన్న సి ప్రోగ్రామ్‌ను దానికిచ్చి, వచ్చే ఆబ్జెక్ట్ ఫైలు పేరు చివర ‘డాట్ ఓ’ ఉందా, వేరేదేమైనా ఉందా అని చూస్తుంది. అసలు ఆ ఫైలే రాకపోతే మీరు చూసిన వాక్యం రాసి ఆగిపోతుంది. కాబట్టి సఫిక్స్‌కూ మీ సమస్యకూ సంబంధమే లేదు. కొత్త కంపైలర్ తనకిచ్చిన మొదటి ప్రోగ్రామ్‌నే కంపైల్ చేయలేకపోయిందని మాత్రమే దాని అర్థం. ఎందుకు చేయలేకపోయిందో తెర మీద కనిపించదు.

అది కాన్ఫిగ్.లాగ్ అనే ఫైల్లో ఉంటుంది. అయితే ఈ పేరుతో బిల్డ్ డైరెక్టరీలో ఒకటి కాదు, చాలా ఫైళ్లుంటాయి. చాలామంది అన్నిటికన్నా పైన ఉన్న దాన్ని తెరిచి, అందులో తప్పేమీ కనిపించక వెనక్కి వచ్చేస్తారు. ఎర్రర్‌కు సరిగ్గా పై లైన్లో స్క్రిప్టు ఒక డైరెక్టరీ పేరు రాస్తుంది, దాన్ని చూడండి. మీ విషయంలో అది ఆర్మ్-నన్-ఈఏబీఐ/లిబ్‌జీసీసీ అయి ఉండాలి. అక్కడున్న కాన్ఫిగ్.లాగ్‌ను తెరిచి ‘సఫిక్స్ ఆఫ్ ఆబ్జెక్ట్ ఫైల్స్’ అనే మాట కోసం వెతకండి. దాని కిందే ఎక్స్‌జీసీసీని ఏ ఆప్షన్లతో నడిపారో మొత్తం కమాండ్, ఆ కిందే అది ఇచ్చిన అసలు ఫిర్యాదు ఉంటాయి.

మీరు రాసిన వివరాలను బట్టి అక్కడ కనిపించేది దాదాపు ఇలా ఉంటుందని నా అంచనా: ‘సీసీ1: ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్: లిబ్‌ఎంపీసీ.ఎస్ఓ.3’. సీసీ1 అంటే సి కోడ్‌ను అసెంబ్లీగా మార్చే అసలు కంపైలర్. జీసీసీ అని మనం పిలిచేది దాన్ని నడిపించే డ్రైవర్ మాత్రమే. మీరు కాన్ఫిగర్ చేసేటప్పుడు ‘విత్-ఎంపీసీ’ ఆప్షన్‌తో హోమ్ డైరెక్టరీలోని లైబ్రరీని చూపించారు కాబట్టి లింకర్‌కు అది దొరికింది, సీసీ1 తయారైంది. కానీ దాన్ని నడిపే సమయంలో లైబ్రరీని వెతికేది లింకర్ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డైనమిక్ లోడర్. దానికి మీ హోమ్ డైరెక్టరీ సంగతి ఎవరూ చెప్పలేదు. మూడు వెర్షన్లలోనూ ఒకే ఎర్రర్ రావడానికి కారణం ఇదే కావచ్చు. మీరు మార్చింది జీసీసీని. చిక్కు ఉన్నది అది ఆధారపడిన లైబ్రరీల చోట.

ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో (లైబ్రరీల కోసం ఎక్కడ వెతకాలో లోడర్‌కు చెప్పే వేరియబుల్‌లో) ఆ డైరెక్టరీని చేరిస్తే గండం గడుస్తుంది గానీ, ఆ వేరియబుల్ లేని మరో టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ కంపైలర్ పనిచేయదు కాబట్టి నేను ఆ దారి సూచించను. జీసీసీ సోర్స్‌లో కంట్రిబ్ అనే డైరెక్టరీలో ‘డౌన్‌లోడ్ ప్రీరిక్విజిట్స్’ అనే స్క్రిప్టు ఉంది. సోర్స్ డైరెక్టరీ నుంచి దాన్ని ఒకసారి నడిపితే ఈ లైబ్రరీల సరైన వెర్షన్లు సోర్స్‌లోనే చేరి, జీసీసీతో పాటే బిల్డయి, స్టాటిక్‌గా కలిసిపోతాయి. అప్పుడు లోడర్‌కు వెతకాల్సిన పనే ఉండదు. కాన్ఫిగర్ లైన్లోంచి ‘విత్-జీఎంపీ’, ‘విత్-ఎంపీఎఫ్‌ఆర్’, ‘విత్-ఎంపీసీ’ తీసేయండి. పాత బిల్డ్ డైరెక్టరీని పూర్తిగా తొలగించి, సోర్స్‌కు బయట కొత్త డైరెక్టరీ పెట్టుకుని మొదటి నుంచి నడపండి. పాత డైరెక్టరీలోనే ఆప్షన్లు మార్చి మళ్లీ ‘మేక్’ కొడితే మునుపటి ఫలితాలు అక్కడక్కడా మిగిలిపోయి, లేని సమస్యలు పుట్టుకొస్తాయి.

ఒకవేళ లాగ్‌లో దానికి బదులు ‘ఏఎస్: అన్‌రికగ్నైజ్డ్ ఆప్షన్ -ఎంఈఏబీఐ=5’ అని ఉంటే వ్యవహారం వేరు. మీ కంపైలర్ ఆర్మ్ అసెంబ్లీని రాసి, దాన్ని ఆర్మ్ అసెంబ్లర్‌కు కాకుండా మీ ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ అసెంబ్లర్ చేతికిచ్చిందన్నమాట. బిన్‌యుటిల్స్‌కు ఇచ్చిన ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయ్యే డైరెక్టరీ), టార్గెట్ (ఏ రకం చిప్‌కు కోడ్ కావాలో) పేర్లూ జీసీసీకి ఇచ్చినవీ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా అని చూడండి. ప్రిఫిక్స్ కింద ఉన్న బిన్ డైరెక్టరీని జీసీసీ కాన్ఫిగర్ చేయడానికి ముందే పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే డైరెక్టరీల జాబితాలో) చేర్చారా లేదా అన్నదీ చూడండి. కంపైలర్ తయారయ్యాక కూడా ఈ పరీక్ష సులభంగా చేసుకోవచ్చు. ‘ప్రింట్-ప్రోగ్-నేమ్=ఏఎస్’ అనే ఆప్షన్‌తో దాన్ని నడిపితే, ఏ అసెంబ్లర్‌ను పిలుస్తుందో చెబుతుంది. ఆర్మ్-నన్-ఈఏబీఐ/బిన్ ఉన్న పూర్తి పాత్ వస్తే సరే. కేవలం ‘ఏఎస్’ అన్న రెండక్షరాలే తిరిగొస్తే దానికి తనదంటూ అసెంబ్లర్ దొరకలేదని అర్థం. టూల్‌చైన్ మీద ఏ అనుమానం వచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న ఇదే.

ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, లిబ్‌జీసీసీ పూర్తయ్యాక న్యూలిబ్ అనే సి లైబ్రరీని కట్టాలి. అక్కడ ఎదురయ్యే చిక్కు ఒకటి ముందే చెబుతాను. కొన్నేళ్ల క్రితం నేను ఆప్ట్ డైరెక్టరీలో టూల్‌చైన్ పెడుతున్నప్పుడు న్యూలిబ్ అంతా చక్కగా కంపైలై, చివర ‘సుడో మేక్ ఇన్‌స్టాల్’ దగ్గర ‘ఆర్మ్-నన్-ఈఏబీఐ-రాన్‌లిబ్: నాట్ ఫౌండ్’ అని ఆగిపోయింది. అదే టెర్మినల్‌లో ఆ కమాండ్‌ను చేత్తో కొడితే నిక్షేపంగా నడుస్తోంది. ఒక సాయంత్రమంతా బిన్‌యుటిల్స్‌ను అనుమానిస్తూ గడిపాక తెలిసిన సంగతి ఏమిటంటే, అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే సుడో, చాలా లైనక్స్ డిస్ట్రిబ్యూషన్లలో మన పాత్‌ను పక్కనపెట్టి, తన సెట్టింగ్స్‌లో సెక్యూర్ పాత్‌గా రాసి ఉన్నదాన్నే వాడుతుంది. మనం చేర్చిన బిన్ డైరెక్టరీ అందులో ఉండదు. అప్పటి నుంచి ఇన్‌స్టాల్ చేసే డైరెక్టరీ యాజమాన్యాన్ని ముందే నా యూజర్ పేరుకు మార్చుకుని, సుడో అవసరమే లేకుండా పని చేస్తున్నాను. మీరూ అలాగే చేయండి.

స్నేహితుల సలహా విషయానికొస్తే, ప్రాజెక్టు గడువు దగ్గరపడితే ఆర్మ్ సంస్థ స్వయంగా విడుదల చేసే రెడీమేడ్ జీఎన్‌యూ టూల్‌చైన్ వాడటంలో తప్పేమీ లేదు. లైనక్స్ నడిచే బోర్డులకైతే క్రాస్‌టూల్-ఎన్‌జీ, బిల్డ్‌రూట్ అనే టూల్స్ ఈ మెట్లన్నీ వాటంతటవే ఎక్కుతాయి. కానీ అసెంబ్లర్, కంపైలర్, లిబ్‌జీసీసీ, సి లైబ్రరీ ఒకదానిమీద ఒకటి ఎలా నిలబడతాయో ఒకసారి చేత్తో కట్టి చూసినవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదని నా గట్టి నమ్మకం. మీరు చదువుతున్న కోర్సుకు ఈ కష్టం తగినదే. గడువు కోసం రెడీమేడ్ వాడుతూనే, దీన్ని పక్కన కొనసాగించండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థలో ఫర్మ్‌వేర్ రాస్తున్నాను. మాకు ముందున్నవారు కట్టిన టూల్‌చైన్‌తో కార్టెక్స్-ఎం4 చిప్‌కు హార్డ్ ఫ్లోట్ ఆప్షన్ పెట్టి కంపైల్ చేస్తే, లింకింగ్ దగ్గర ‘యూజెస్ వీఎఫ్‌పీ రిజిస్టర్ ఆర్గ్యుమెంట్స్’ అనే ఎర్రర్ వస్తోంది. సాఫ్ట్ పెడితే రావడం లేదు. సాఫ్ట్‌తోనే సర్దుకోవాలా?

జవాబు: ఇక్కడ లింకర్ మీకు మేలే చేస్తోంది. సాఫ్ట్ పద్ధతిలో ఫ్లోట్ (దశాంశ) విలువ ఒక ఫంక్షన్‌కు మామూలు రిజిస్టర్ ఆర్0లో అందుతుంది; హార్డ్ పద్ధతిలో ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్‌కు (ఎర్రర్‌లోని వీఎఫ్‌పీ ఇదే) చెందిన ఎస్0లో అందుతుంది. పిలిచే ఫంక్షన్ ఎస్0లో పెట్టి, పిలిపించుకున్న ఫంక్షన్ ఆర్0లో వెతికితే చేతికి చెత్త విలువ వస్తుంది. మీ కోడ్ హార్డ్, మీ టూల్‌చైన్‌లోని సి లైబ్రరీ సాఫ్ట్. అందుకే లింకర్ ఒప్పుకోవడం లేదు.

నిర్ధారణకు రెండు పనులు చేయండి. ‘రీడ్‌ఎల్ఫ్’ను ‘ఏ’ పెద్దక్షరం ఆప్షన్‌తో మీ ఆబ్జెక్ట్ ఫైలు మీద, లిబ్‌సీ.ఏ మీద నడిపి, ‘ట్యాగ్ ఏబీఐ వీఎఫ్‌పీ ఆర్గ్స్’ అనే లైను దేనిలో ఉందో, దేనిలో లేదో చూడండి. తర్వాత మీరు వాడే సీపీయూ, ఫ్లోట్ ఆప్షన్లన్నీ ఇచ్చి ‘ప్రింట్-మల్టీ-డైరెక్టరీ’ అని కంపైలర్‌ను అడగండి. దానికి జవాబుగా ఒక చుక్క మాత్రమే వస్తే, టూల్‌చైన్ కట్టినవారు మల్టీలిబ్‌ను (వేర్వేరు ఆప్షన్లకు వేర్వేరు లైబ్రరీలు కట్టే ఏర్పాటును) ఆపేసి ఒకే రకం లైబ్రరీ కట్టారని దాదాపుగా నిర్ణయించుకోవచ్చు.

మీరు వాడేది ఎప్పటికీ ఒకే చిప్ అయితే, మల్టీలిబ్ ఆపి ఉంచినా ఫర్వాలేదు. ‘విత్-సీపీయూ’, ‘విత్-ఎఫ్‌పీయూ’, ‘విత్-ఫ్లోట్=హార్డ్’, ‘విత్-మోడ్=థంబ్’ ఆప్షన్లతో జీసీసీని తిరిగి బిల్డ్ చేయండి. పలు చిప్‌లు వాడితే ‘విత్-మల్టీలిబ్-లిస్ట్=ఆర్ఎంప్రొఫైల్’ అనేది మంచి దారి; బిల్డ్ సమయం బాగా పెరుగుతుంది, ఆ పెరుగుదల సమంజసమే. ఏ దారి ఎంచుకున్నా న్యూలిబ్‌ను కూడా తిరిగి కట్టాలి. జీసీసీ ఒక్కదాన్నే మార్చి పాత లిబ్‌సీని అలాగే వదిలేస్తే ఇదే ఎర్రర్ మళ్లీ వస్తుంది.

లింకింగ్ దాటాక బోర్డు మీద మొదటి ఫ్లోటింగ్ పాయింట్ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే హార్డ్ ఫాల్ట్ వస్తే, టూల్‌చైన్‌ను నిందించకండి. కార్టెక్స్-ఎం4లో రీసెట్ తర్వాత ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ ఆపివేసి ఉంటుంది. స్టార్టప్ కోడ్‌లో సీపీఏసీఆర్ అనే రిజిస్టర్‌లోని 20 నుంచి 23 వరకు ఉన్న నాలుగు బిట్లను 1 చేస్తేనే అది పనిచేస్తుంది. ఇంకో మాట: ఈ యూనిట్ సింగిల్ ప్రెసిషన్ లెక్కలే చేయగలదు. కోడ్‌లో 3.14 అని రాసి వెనుక ‘ఎఫ్’ పెట్టకపోతే అది డబుల్ అవుతుంది, ఆ లెక్క మొత్తం లిబ్‌జీసీసీలోని సాఫ్ట్‌వేర్ రొటీన్లకు పోతుంది. ‘డబుల్-ప్రమోషన్’ వార్నింగ్‌ను ఆన్ చేసుకుంటే ఫ్లోట్ విలువలు మీకు తెలియకుండా డబుల్‌గా మారే చోట్లన్నీ బయటపడతాయి.

ప్రశ్న: టూల్‌చైన్ పూర్తిగా తయారైంది, ఖాళీ ప్రోగ్రామ్‌లు కంపైల్ అవుతున్నాయి. ప్రింట్‌ఎఫ్ వాడగానే ‘ఎస్‌బ్రేక్’, ‘రైట్’, ‘ఎగ్జిట్’ లేవంటూ లింకర్ ఎర్రర్లు ఇస్తోంది. న్యూలిబ్ సరిగా బిల్డ్ కాలేదా?

జవాబు: సరిగానే బిల్డయింది. ఆపరేటింగ్ సిస్టమ్ లేని చిప్‌లో అక్షరాన్ని ఎక్కడికి పంపాలో, హీప్ మెమరీ ఎక్కడ మొదలవుతుందో న్యూలిబ్‌కు తెలిసే వీల్లేదు. ఆ కొన్ని ఫంక్షన్లను అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లతో మీరే రాసి ఇవ్వాలి. ప్రస్తుతానికి లింక్ అయితే చాలనుకుంటే ‘స్పెక్స్=నోసిస్.స్పెక్స్’ అనే ఆప్షన్ పెట్టండి, ఏమీ చేయని ఖాళీ ఫంక్షన్లు వచ్చి చేరతాయి. ప్రింట్‌ఎఫ్ నిజంగా సీరియల్ పోర్టులో కనిపించాలంటే ‘రైట్’ ఫంక్షన్‌లో ఒక్కో బైట్‌ను యూఆర్ట్ (చిప్‌లో సీరియల్ పోర్టును నడిపే భాగం) డేటా రిజిస్టర్‌లో పెట్టే లూప్ మీరు రాసుకోవాలి. అది రాశాక కూడా ఏమీ కనిపించకపోతే, ముందుగా ప్రింట్‌ఎఫ్ వాక్యం చివర కొత్త లైన్ గుర్తు ఉందో లేదో చూడండి. అది లేకపోతే అక్షరాలు బఫర్‌లోనే ఆగిపోయి ఉండవచ్చు.