హెచ్ ఇండెక్స్ తక్కువుందని బెంగపడుతున్న మా అమ్మాయికి

అమ్మాయ్, నీ మెసేజ్ చదివా. ప్రమోషన్ ఫామ్‌లో హెచ్ ఇండెక్స్ గడిలో 4 అని, అంటే నీ పేపర్లు నాలుగింటిని ఒక్కోదాన్నీ కనీసం నాలుగేసి పేపర్లు ప్రస్తావించాయని, వెయ్యడానికి చెయ్యి రావట్లేదు, కెమిస్ట్రీ ఆయనకేమో 27 ఉంది పెదనాన్నా అన్నావు. ముందు ఆ పోలిక మానెయ్. వాళ్ళ ల్యాబ్‌లో పదిమంది కలిసి వరసపెట్టి పేపర్లు వేస్తారు, మన గణితంలోనేమో ఒక్క పేపర్ తప్పొప్పులు చూసే రిఫరీ దగ్గరే ఏడాది పడుంటుంది, అది అచ్చయ్యి ఇంకొకడు చదివి వాడిది రాసి అదీ అచ్చయ్యేసరికి ఎన్నేళ్ళు పడుతుందో నీకు తెలీనిది కాదు. 2008లో అంతర్జాతీయ గణిత సమాఖ్య ఇంకో రెండు సంస్థలతో కలిసి సైటేషన్ (ఒక పేపర్ని ఇంకో పేపర్ ప్రస్తావించడం) లెక్కల మీద ఒక రిపోర్ట్ వేసింది, జర్నల్ని కొలిచే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసేది రెండేళ్ళనే అయితే గణితంలో దాదాపు 90 శాతం సైటేషన్లు ఆ రెండేళ్ళకి బయటే పడతాయని అందులో ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టు, కమిటీలో ఒక్కడైనా చదువుతాడు.

మన ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మీనాక్షిసుందరం గారినే చూడు. ప్లైయెల్‌తో కలిసి 1949లో కెనడా జర్నల్లో ఒక పేపర్ వేశారు, లాప్లాస్ ఆపరేటర్ ఐగెన్ ఫంక్షన్ల మీద. 1966లో గణితవేత్త మార్క్ కాట్జ్ డప్పు మోత విని దాని ఆకారం చెప్పగలమా అని అడిగాక ఆ దారిలోకి జనం బాగా వచ్చారు, 1973లో అతియా, బాట్, పటోడీ ఇండెక్స్ థియరమ్‌కి హీట్ కర్నెల్‌తో ప్రూఫ్ ఇచ్చారు, అందులో వాడిన ఎక్స్‌పాన్షన్ ఈయన పేరుమీదే ఉంది. కానీ ఆయన 1968లోనే పోయారు. ఆయన్ని 1952లో ఏ కమిటీ ముందైనా కూర్చోబెట్టి రెండేళ్ళ లెక్క అడిగితే ఏం చూపించేవారు? స్టాటిస్టిక్స్ సి.ఆర్.రావు గారిది ఇంకో రకం, 1945 నాటి ఆ కలకత్తా పేపర్‌ని ఇప్పుడు చాలామంది సైట్ చెయ్యరు, క్రామర్-రావు బౌండ్ అని రాసేసి ముందుకెళ్ళిపోతారు, అలా పేరు మాత్రమే రాస్తే సైటేషన్ లెక్కలో అది సున్నానే.

సరే, నువ్వు చెయ్యగలిగినవి చెప్తా. నీ పేరు సంగతి ముందు చూడు. ఒక పేపర్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, పెళ్ళయ్యాక వేసినవాటిలో ఇంకో ఇనీషియల్, ఇలాగుంటే నువ్వు ముగ్గురు మనుషులైపోతావు. మనలో రావులు రెడ్లు ఎంతమందో, సైటేషన్లు లెక్కేసే గూగుల్ స్కాలర్ వాడు ఎవరిదో మందుల పేపర్ తెచ్చి నీ ఖాతాలో వేస్తాడు, హెచ్ ఇండెక్స్ పెరిగింది కదాని ఉంచుకోకు, తీసెయ్. పరిశోధకులకి ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చే ఆర్కిడ్ నంబర్ తీసుకో, గణిత పేపర్ల జాబితా మ్యాథ్‌సైనెట్‌లో నీ పేజీ చూసుకో, అచ్చవ్వకముందే ఆర్కైవ్ సైట్లో పెట్టిన ప్రతిదానికీ జర్నల్ వివరాలు కలుపు, లేకపోతే ప్రీప్రింట్‌కి కొన్ని, అచ్చయినదానికి కొన్ని అని సైటేషన్లు చీలిపోతాయి.

పేర్ల వరస గొడవ కూడా ఉంది. మనం అక్షరక్రమంలో రాస్తాం, 2018 నాటి యూజీసీ రూల్‌లోనేమో ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో అయితే ఫస్ట్ ఆథర్‌కి, జర్నల్‌తో ఉత్తరాలు నడిపే కరస్పాండింగ్ ఆథర్‌కి పేపర్ మార్కుల్లో 70 శాతం, మిగతావాళ్ళకి తలా 30. యార్లగడ్డ వాళ్ళు ఏం పాపం చేశారు! అందుకే కరస్పాండింగ్ ఎవరో పని మొదలెట్టినప్పుడే మాట్లాడుకోండి, గణితంలో వరసకి అర్థం లేదని అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ 2004లో రాసిన నోట్ ఉంది, అదీ జతచెయ్.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది నీ రాత. నీ పోయినేడాది పేపర్ చూశా, పదిమందికి పనికొచ్చే ఇనీక్వాలిటీ తీసుకెళ్ళి 17వ పేజీలో లెమ్మా (పెద్ద ప్రూఫ్‌కి సాయపడే చిన్న ఫలితం) కింద పాతిపెట్టావు, దానికి కావాల్సిన కండిషన్లేమో మూడు చోట్ల చెల్లాచెదురుగా ఉన్నాయి. బయటివాడు అంత తవ్వుకోడమ్మా, వాడే సొంతంగా ప్రూవ్ చేసుకుంటాడు. ఇంట్రడక్షన్లోనే థియరమ్‌గా పెట్టు, కండిషన్లన్నీ అక్కడే చెప్పు, అది దేనికి వాడొచ్చో ఒక ఉదాహరణ ఇవ్వు.

నువ్వు నన్ను సైట్ చెయ్ నేను నిన్ను చేస్తా బ్యాచ్ ఎవరైనా పిలిస్తే వెళ్ళకు. ఇలాంటి ఆటలకి మన సబ్జెక్టు తేలిగ్గా లొంగుతుందనే సైటేషన్లు లెక్కేసే క్లారివేట్ సంస్థ వాళ్ళు 2023లో వేసిన ఎక్కువ సైటేషన్లున్నవాళ్ళ లిస్టులో గణితాన్ని మొత్తంగా వదిలేశారు.

ఫామ్‌లో 4 అనే వెయ్. కింద రిమార్క్స్ ఉంటుంది కదా, అక్కడ నీ రిజల్ట్ ఎవరు ఏ పేపర్లో దేనికి వాడారో రెండు మూడు వాక్యాల్లో రాయి, ఆ జర్మనీ వాళ్ళు నీ ఎస్టిమేట్‌తోనే వాళ్ళ మెయిన్ థియరమ్ సాధించారన్నావు కదా, అది పైన రాయి. రాసింది శనివారంలోపు నాకు పంపు, ఆదివారం మీ పెద్దమ్మని తీసుకుని ఊరెళ్ళాలి.